ఒక రాత్రి, ముక్కాలు పగలు

మా ఊళ్లో ఎవరు ఏ ఊరికి బయలుదేరాలన్నా ముందు శాంతయ్య అయివారిని అడిగేవాళ్లు. కోడుమూరు ఐదు మైళ్లు, కర్నూలు ముప్పై మైళ్లు అని అందరికీ తెలుసు. బొంబాయి ఎన్ని దినాల దోవ, కాశీకి పోతే ఎన్ని పూటలకు సద్ది కట్టుకోవాలి అన్నవి మాత్రం ఆయనే చెప్పాలి. మైళ్లలో చెబితే మావాళ్ల తలకెక్కదు. దూరాన్ని సద్దిమూటలతో కొలిచే ఊరు మాది. అందుకని ఆయన బడి గోడకున్న ఇండియా పటం మీద దారం పరిచి, స్కేలుతో కొలిచి, మైళ్లను పూటలుగా మార్చి చెప్పేవాడు. ఆ దారం ఆయన భార్య మహాదేవమ్మ రవికెలు కుట్టుకునే ఎర్రదారం. మాటిమాటికీ దారం తెంపుకుపోతున్నాడని ఆమె గొణుగుతూనే ఉండేది.

ఆయన పెద్దయివారు, నేను చిన్నయివారిని. ఇద్దరే పంతుళ్లున్న బోర్డు బడి మాది. బడి వసారాలో ఒక మూల పోస్టాఫీసు, దానికి పోస్టుమాస్టరు కూడా ఆయనే. మా ఇళ్లు ఎదురెదురు. నాకు పెళ్లి కాలేదు, రెండు పూటలా వాళ్లింట్లోనే తిండి. ఇంటి నుంచి బడికి నూటెనభై అడుగులని ఆయన కొలిచి పెట్టుకున్నాడు. లెక్కల పాఠం మొదలుపెట్టేటప్పుడు "మా ఇంటి నుంచి బడికెంత?" అని అడిగేవాడు, పిల్లలంతా ఒక్క గొంతుతో నూటెనభై అని అరిచేవాళ్లు.

నేను ఆయన్ని ఆటపట్టించేవాణ్ణి. "అన్నా, స్వర్గానికి ఎన్ని పూటల సద్ది?" అంటే, "నువ్వు పొయ్యే చోటికి సద్ది అక్కర్లేదు లేరా, ఆడ పొయ్యి ఎప్పుడూ మండతానే ఉంటాది" అనేవాడు.

అంత మంచివాణ్ణి నేను మళ్లీ చూడలేదు. ఆయనకు ఒక్కటే జబ్బు. 'తెలీదు' అన్న మాట నోటికి రాదు. ఎవరేమడిగినా ఒక లెక్క చెప్పాల్సిందే. ఆ జబ్బుకే ఆయన పోయాడని ఊళ్లో కొందరంటారు. నాకు వాళ్ల మీద కోపం. ఎందుకో చెప్తాను.

అది 1955. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. తుంగభద్ర కాలువ నీళ్లు ఇటువైపు వస్తాయని ఊరంతా ఆశ పెట్టుకుని ఉంది. పిల్లకాలువ ఎవరి పొలాల మీదుగా తవ్వాలన్న దగ్గర పేచీ వచ్చింది. బసవరాజుది మూడు వందల ఎకరాల ఆసామి కుటుంబం. కాలువ తన చేల పక్కనుంచి మాత్రమే పోవాలన్నాడు. కంబన్న అనే నడితరం రైతు, పల్లంలో ఉన్న చిన్నకారు వాళ్లందరి వేలిముద్రలూ వేయించి, అలా కుదరదని అర్జీ పెట్టాడు. బసవరాజుకు ఎదురుగా వేలిముద్ర వేయడం మా ఊళ్లో అదే మొదలు. బసవరాజు కేకలు వేయలేదు, తిట్టలేదు. కంబన్న ఎదురుపడితే "బాగుండావా కంబన్నా" అని పలకరించేవాడు. నాకు భయమేసింది ఆ పలకరింపుకే.

డిసెంబరు మొదట్లో బసవరాజు తన మనుషులు నలుగురితో కలిసి కాలువ సంగతి మీద మహజరు ఇవ్వడానికి ఢిల్లీ పోయాడు. అదే వారం కంబన్న మొక్కు తీర్చుకోవడానికి అహోబిలం బండి కట్టాడు. బండి తోలింది చిన్న ఈరన్న, కంబన్న దగ్గర పదేళ్లుగా ఉన్న జీతగాడు. స్వామి దర్శనం చేసుకుని తిరిగి వస్తుండగా, ఏడో తేదీ బుధవారం, పొద్దు గుంకే వేళ, అడవి అంచున ఈరన్న ఎద్దులకు నీళ్లు తేవడానికి వాగులోకి దిగాడు. బక్కెట్టు నింపుకుని పైకి వచ్చేసరికి కంబన్న బండి కింద పడి ఉన్నాడు. గొంతు మీద ఒకటే వేటు. అంతా కలిపి చుట్ట కాల్చేంత సేపు కూడా పట్టలేదని ఈరన్న చెప్పాడు.

శవం ఊరికి చేరిన నాడు కంబన్న తమ్ముడు శేషన్న ఏడవలేదు. పిలకొడవలి తీసుకుని నేరుగా బసవరాజు ఇంటికి నడిచాడు. వాకిట్లో జీతగాళ్లు అడ్డం నిలబడి, "మా అప్ప ఢిల్లీలో ఉండాడు, ఎవరిని నరుకుతావు?" అన్నారు. శేషన్న వెనక్కి వచ్చాడు.

మరుసటి రోజు శనివారం. కోడుమూరు నుంచి టపా సంచి వచ్చింది. అందులో శాంతయ్య పేరుతో ఒక రిజిస్టరు కవరు. పంపినవాడు బసవరాజు, ఢిల్లీ నుంచి. మా ఊరికి ఢిల్లీ నుంచి జాబు రావడం అదే మొదటిసారి, బసవరాజు ఒక పంతులుకు జాబు రాయడమూ అదే మొదటిసారి. 'శ్రీయుత శాంతయ్య మాస్టరుగారికి, మన ఊరి బడికి ఒక కొత్త గది కట్టించే విషయం ఇక్కడి పెద్దలతో మాట్లాడుతున్నాను' అని రెండు ముక్కలు. అన్న ముఖం వెలిగిపోయింది. కవరు ముందువైపు తన పేరునూ, ఆరో తేదీ మంగళవారం నాటి ఢిల్లీ ముద్రనూ ఊరందరికీ చూపించాడు. చదువు రానివాళ్లు కూడా ఆ ముద్రను వేలితో తడిమి చూశారు. బడికి గది వస్తుందన్న సంతోషంలో, శవం లేచిన మర్నాడు ఇలా కవరు పట్టుకు తిరగడం బాగుండదని ఆయనకు తోచలేదు. నాకు తోచింది, చెప్పలేదు.

ఆదివారం బసవరాజు రైలు దిగి వచ్చాడు. సోమవారం ఈరన్న స్వామి గుడి ముందు ఊరు కూడింది. మా వైపు పద్ధతి ఒకటుంది. మనిషి మీద అనుమానం వస్తే, తలస్నానం చేసి తడిబట్టలతో వచ్చి, స్వామి ముందు దీపం ఆర్పి ప్రమాణం చేయాలి. అబద్ధం చెప్పి దీపం ఆర్పినవాడి వంశం ఆరిపోతుందని నమ్మకం. కోర్టులో అబద్ధం ఆడే మనిషి కూడా ఆ దీపం ముందు ఆడడు. బసవరాజు నీళ్లు కారుతున్న పంచెతో నిలబడ్డాడు.

"మంగళారం పొద్దు గుంకేటప్పుడు నేను ఢిల్లీలో ఉండాను. ఇది అబద్ధమైతే ఈరన్న సామి నా ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేకుండా చెయ్యనీ" అని, చేత్తో దీపం ఆర్పాడు. చెయ్యి వణకలేదు.

శేషన్న శాంతయ్య వైపు తిరిగాడు. "అయివారూ, నువ్వు చెప్పు. ఢిల్లీ నుంచి అహోబిలం ఎన్ని దినాల దోవ?"

అన్న ఆలోచించను కూడా లేదు. "రెండు రాత్రులు, రెండు పగళ్లు. అర పూట కూడా తగ్గదు."

అంతే, తీర్పు అయిపోయింది. మంగళవారం సాయంత్రం ఢిల్లీలో ఉన్నవాడు బుధవారం సాయంత్రం అహోబిలంలో ఎట్లా ఉంటాడు? జనం కళ్లు గుడి మెట్ల కింద కూర్చున్న చిన్న ఈరన్న మీదికి పోయాయి. కంబన్న పక్కన ఉన్నది వాడొక్కడే. "వాగులోకి పోయినానప్పా, నీళ్లకు పోయినాను" అని వాడు అంటూనే ఉన్నాడు, ఎవరూ వినలేదు. పోలీసులు అంతకుముందే రెండు రోజులు ఉంచుకుని, ఆధారం లేదని వదిలేశారు. వదలకుండా ఉంటే వాడికి మేలయ్యేది. శేషన్న నెమ్మదిగా అన్నాడు: "శనివారం మా అన్న పెద్ద దినం. ఆ పొద్దుకి లెక్క తేలిపోవాల."

ఆ రాత్రి నుంచే ఈరన్న గుడిసె చుట్టూ మనుషులు కాపలా కూర్చున్నారు. వాడికి ఎవరూ నిప్పు ఇవ్వలేదు, బావిలో చేద వేయనివ్వలేదు.

మంగళవారం సాయంత్రం బడి వదిలాక అన్న నాకు ఆ కవరు మళ్లీ చూపిస్తున్నాడు. లక్క ముద్ర చూడరా అని వెనక్కి తిప్పాడు. కవరును కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. రిజిస్టరు కవరు దారిలో ఎవరి చేతులు మారినా వెనకవైపు ముద్ర పడుతుంది. మా ఊరి ముద్ర అన్న తానే వేశాడు. దాని పక్కనే ఇంకొకటి ఉంది: మద్రాసు, ఏడో తేదీ ఉదయం.

"మంగళారం ఢిల్లీలో, బుధారం పొద్దున్నే మద్రాసులో" అన్నాడు. "ఏ రైలుకు వచ్చింది రా ఇది?"

ముద్ర వేసిననాడే ఆయన అది చూసి ఉండాల్సింది. ఆ రోజు ఆయన ముందువైపు తన పేరు చూసుకుంటున్నాడు.

బుధవారం సెలవు పెట్టి కర్నూలు పోయాడు. టపా పనిలో ముదిరిన ఒక పాత స్నేహితుణ్ణి అడిగి తెలుసుకుని గురువారం తిరిగి వచ్చాడు. పిల్లలు వెళ్లాక నన్ను కూర్చోబెట్టి పటం మీద దారం పరిచాడు. ఈసారి రైలు పట్టాల వంకరల వెంట పరచలేదు. ఢిల్లీ దగ్గర ఒక చివర, నాగపూరు మీదుగా, మద్రాసు దగ్గర ఒక చివర, బిగించి పట్టుకున్నాడు. తర్వాత నల్లబల్ల మీద రాశాడు.

రాత్రిపూట టపా విమానం ఉంది. జాబులతో పాటు మనుషుల్నీ ఎక్కించుకుంటుంది. ఢిల్లీ నుంచి నాగపూరు ఐదు వందల ముప్పై మైళ్లు, అక్కడి నుంచి మద్రాసు ఐదు వందల అరవై పైచిలుకు. మొత్తం పదకొండు వందలు. గంటకు నూటయాభై మైళ్లు. అంటే ఏడు గంటల ఇరవై నిమిషాలు, నాగపూరులో దిగి ఎక్కడానికి ఒకటిన్నర గంట. రాత్రి పదికి ఎక్కినవాడు పొద్దున ఏడుకు మద్రాసులో దిగుతాడు. అక్కడి నుంచి కారు. కడపకు నూటఅరవై మైళ్లు, కడప నుంచి అహోబిలం దోవకు ఇంకో అరవై. ఎంత నిదానంగా తోలినా మధ్యాహ్నం నాలుగు, పగటిలో ముక్కాలు, అంటే ముప్పావు వంతు.

"కంబన్నను చంపింది పొద్దు గుంకేటప్పుడు. చెట్టు కింద కూర్చుని కాపు కాసేదానికి రెండు గంటలు మిగిలింది వానికి" అన్నాడు.

దీపం ఆర్పేటప్పుడు బసవరాజు చెయ్యి ఎందుకు వణకలేదో అప్పుడు అర్థమైంది. ఆయన అబద్ధం చెప్పలేదు. మంగళవారం సాయంత్రం ఢిల్లీలోనే ఉన్నాడు. మిగతాది మాకు మేమే చెప్పుకున్నాం, సద్దిమూటలు లెక్కపెట్టుకుని. ఆ మాట అన్న నోటితో చెప్పించడానికే ఆ జాబు.

నేను లేచి నల్లబల్ల తుడిచేశాను. "అన్నా, ఇది నువ్వు చూల్లేదు, నేను చూల్లేదు. ఏదో ఒక సాకుతో ఈరన్నను ఊరు దాటిద్దాం."

"కాపలా కాస్తాండారు, యాడికి దాటిస్తావు?"

"నువ్వు చెప్తే నిన్ను బతకనిస్తాడా?"

"నాక్కూడా భయంగానే ఉండాది రా" అన్నాడు. "ఈరన్నకు కత్తి అవసరం లే. నా లెక్కే వాని గొంతు మీద ఉండాది. నేను తియ్యకపోతే ఎవరు తీస్తారు?"

శుక్రవారం పొద్దున్నే ఆ కవరును, తన లెక్క రాసిన కాగితంతో కలిపి ఇంకో కవరులో పెట్టి, కర్నూలులో జిల్లా పోలీసు పై అధికారికి రిజిస్టరు చేశాడు. అందినట్టు సంతకం తిరిగి వచ్చే కార్డు కూడా జతచేశాడు. టపా సంచి పదింటికి వెళ్లిపోయింది. పదకొండుకు బసవరాజు బడికి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. పిల్లలు లేచి నిలబడ్డారు.

"అయివారూ, కర్నూలు పోయొచ్చినారంట. పని అయిందా?"

"అయిందప్పా."

"నేను రాసిన కవరు ఒకసారి ఇయ్యండి. మళ్లీ ఇస్తా."

"కవరు లేదప్పా. పొద్దున టపాలో కర్నూలుకు పంపినాను."

బసవరాజు గోడమీది పటం వైపు చూశాడు. ఎర్రదారం ఇంకా అక్కడే వేలాడుతోంది. దాన్ని చూసి తల ఊపాడు, కోపం ఎక్కడా కనపడలేదు. "కర్నూలుకు జాబు పొయ్యేదానికి ఎన్ని దినాలు పడతాది?"

"మూడు దినాలు."

"ముప్పై మైళ్లకు మూడు దినాలు. మన టపా ఇంకా బాగుపడాల." పిల్లల వైపు తిరిగి నవ్వాడు. "ఏమ్రా, మీ పెద్దయివారి ఇంటి నుంచి బడికెంత?"

"నూటెనభై" అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు.

"మంచిది" అని బసవరాజు వెళ్లిపోయాడు. అన్న సుద్దముక్క బల్ల మీద పెట్టేశాడు. తర్వాత ఆ రోజు లెక్కల పాఠం చెప్పలేదు, పద్యం చెప్పాడు.

శనివారం పెద్ద దినం. కంబన్న ఇంటి ముందు పందిరి. శేషన్న గుండు చేయించుకుని కూర్చున్నాడు. చిన్న ఈరన్నను తెచ్చి పందిరి గుంజ దగ్గర కూర్చోబెట్టారు. వాడి పెదవులు ఎండిపోయి పొట్టు లేచాయి. విస్తళ్లు వేయబోతుండగా శాంతయ్య లేచాడు. నేను ఆయన పంచె అంచు పట్టుకున్నాను. ఆయన విడిపించుకున్నాడు.

"శేషన్నా, సోమారం నాడు నేను చెప్పిన లెక్క తప్పు" అన్నాడు. "ఆ పొద్దు తెలీదు అనాల్సింది, అనలేదు. ఢిల్లీ నుంచి అహోబిలం రెండు రాత్రులు, రెండు పగళ్లు కాదు. విమానం మీద మద్రాసుకు వచ్చి, ఆడినుంచి కారు కడితే ఒక రాత్రి, ముక్కాలు పగలు. నాకు వచ్చిన కవరు అట్లనే వచ్చింది. జాబు వచ్చిన దోవన మనిషి రాగలడు."

బసవరాజు పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పనీ లేదు. శేషన్న ఆయన ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆఖరికి లేచి, చెంబుతో నీళ్లు తీసుకుపోయి ఈరన్న చేతికిచ్చాడు. ఈరన్న తాగలేదు, చెంబును గుండెకు ఆనించుకుని ఏడ్చాడు.

ఆ పూటే శేషన్న మనుషులు ఈరన్నను ఆదోని అవతల చుట్టాల దగ్గరికి చేర్చారు. శాంతయ్యకు కూడా కాపలా ఉంటామన్నారు. "పంతులుకు కాపలా ఏందప్పా, పిల్లోళ్లు నవ్వుతారు" అన్నాడు.

సోమవారం నేను ఆయనతో కలిసి బడికి నడిచాను. మంగళవారమూ నడిచాను. ఆయన అడుగులు లెక్కపెడుతూ నడిచేవాడు, నేను సందు పక్కనున్న ముళ్లకంప వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూస్తూ నడిచేవాణ్ణి. మంగళవారం సాయంత్రం మాకు ఎదురుగా బసవరాజు మనుషులిద్దరు వచ్చి, "ఏమప్పా చిన్నయివారూ, నువ్వు కూడానా?" అని పోయారు. అంతే అన్నారు.

బుధవారం పొద్దున అన్న నా వాకిట్లో నిలబడి పిలిచాడు. కడుపులో నొప్పి, రాలేను అన్నాను. నొప్పి లేదు. ఆయనకు అర్థమైందనుకుంటాను. "పడుకో, జొన్న గంజి పంపమని మీ వదినకు చెప్తాలే" అన్నాడు. కిర్రు చెప్పుల చప్పుడు సందులోకి మళ్లింది. నేను మంచం మీద పడుకుని ఆ అడుగులు లెక్కపెట్టాను. డెబ్భై రెండు దగ్గర చప్పుడు ఆగింది. తిరిగి మొదలవుతుందని కాచుకున్నాను. మొదలు కాలేదు. నేను లేవలేదు.

కర్నూలు నుంచి పోలీసులు ఐదు రోజుల తర్వాత వచ్చారు. బసవరాజును తీసుకుపోయారు. కేసు ఏళ్ల తరబడి నడిచింది. సాక్షులు ఒక్కొక్కరే బోనెక్కి తెలీదు అన్నారు. నేనూ ఎక్కాను. ఏం చూశావంటే తెలీదన్నాను, నిజమే, కళ్లతో చూడలేదు కదా. అంతమంది అంత సులువుగా అనగలిగిన మాట అది. బసవరాజు ఇంటికి వచ్చి, ముసలివాడై, తన మంచం మీదే పోయాడు. చిన్న ఈరన్నకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడి పేరు శాంతయ్య.

అయితే నాకు గుర్తుండేది కేసు కాదు. అన్న పోయిన మర్నాడు టపా సంచి విప్పాల్సింది నేనే. అందులో ఆయన పంపిన కార్డు ఉంది, పై అధికారి సంతకంతో. సోమవారం అందింది, గురువారానికి తిరిగి వచ్చింది. చనిపోయినవాళ్ల పేరున ఏదైనా వస్తే ఆ మాట రాసి వెనక్కి పంపాలని నిబంధన. నా చేత్తో అది రాయలేకపోయాను. తీసుకుపోయి మహాదేవమ్మ వదినకు ఇచ్చాను.

ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది యాడనుంచి వచ్చింది?"

"కర్నూలు నుంచి వదినా."

"ఎన్ని దినాలు పట్టింది?"

"మూడు దినాలు. ముప్పై మైళ్లు."

ఆమె కార్డును ఒళ్లో పెట్టుకుంది. తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. "నాయనా, ఊరంతా మీ అన్నను అడిగినట్టే నిన్ను నేను అడుగుతాండా. లెక్క చెప్పు. నిన్న పొద్దున నువ్వు ఎంత దూరంలో ఉంటివి?"

తెలీదు అనొచ్చు. అనలేదు. నా జన్మలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదొక్కటే.

"మా వాకిలి నుంచి డెబ్భై రెండు అడుగులు వదినా" అన్నాను.